నిలువు కిలోమీటర్లు

మనాలి నుంచి లేహ్‌కి 473 కిలోమీటర్లని ఫోన్‌లో మ్యాపు చూపించింది. పదేళ్లు దాటిన మాట ఇది. హైదరాబాద్ నుంచి నెల్లూరు పోయినంత దూరమే కదా అనుకున్నాం ముగ్గురం. మన రోడ్డయితే పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి రాత్రి భోజనానికి దిగొచ్చు. కొండదారి కాబట్టి పోనీ, రెండు రోజులు వేసుకుందాం. మధ్యలో సర్చూ అనే చోట గుడారాలుంటాయట, ఒక రాత్రి అక్కడ. ప్లానంతా రెండు చాయ్‌లు తాగేలోపు తేలిపోయింది.

ముషీరాబాద్‌లో మా బండ్లు చూసే మెకానిక్ భాయ్ ఒక్కడే అడ్డు తగిలాడు. "అన్నా, ఆడ గాలి పల్చగుంటది. నీకెట్ల దమ్మొస్తదో బండికీ గట్లనే దమ్మొస్తది. ఇద్దరూ అలవాటు కావాలె" అన్నాడు. నవ్వేసి వచ్చాం. ఆయన మాటలో శాస్త్రమంతా ఉందని తెలిసొచ్చేసరికి సర్చూలో అర్ధరాత్రి ఒంటిగంట అయింది.

ఆ గుడారంలో నా పక్కన పడుకున్న మిత్రుడి ఊపిరి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పన్నెండు దాకా వచ్చాక నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక్కసారిగా గాలి పీల్చుకున్నాడు. నాలుగైదు శ్వాసలు గబగబా తీసి, మళ్లీ ఆగాడు. నా తలలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. మూడోవాడు గుడారం బయట కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు. సాయంత్రం దారిలోని బారాలాచా లా దగ్గర మంచుగోడల పక్కన ఫోటోలు దిగినప్పుడు ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అదే అసలు మోసం.

మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంది, సర్చూ 4,290లో. పొద్దున ఒక చోట లేచి, రాత్రి దానికి 2,240 మీటర్ల పైన పడుకున్నాం. రోడ్డు మీద 220 కిలోమీటర్ల చిల్లర తిరిగాం గానీ, ఒంటికి లెక్కకొచ్చింది ఈ రెండు కిలోమీటర్ల పైచిలుకే. నిలువుగా ఎక్కినవి.

దూది బస్తాల దొంతర

మనవాళ్లకు ఈ సంగతి తట్టకపోవడంలో వింతేమీ లేదు. తిరుమల ఎక్కినా, అరకు పోయినా మనం చేరే ఎత్తు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్ల లోపే. అందుకే కొండ అనగానే మనకు చల్లగాలి, పొగమంచు, బొంగులో చికెన్ గుర్తొస్తాయి. గాలి చాలకపోవడం మనం ఎరిగిన కష్టం కాదు.

కొండ పైన ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. చార్మినార్ దగ్గరైనా లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా మీదైనా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. దూది బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. అడుగు బస్తా పైవాటి బరువుకు అణిగి గట్టిపడుతుంది, పైది పొంగి వదులుగా ఉంటుంది. సముద్ర మట్టంలో మనం అడుగు బస్తాలో ఉన్నాం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 65 శాతం. సర్చూలో 60 శాతం కూడా ఉండదు. మనాలి దారిలో అన్నిటికంటే ఎత్తైన తంగ్‌లాంగ్ లా 5,328 మీటర్లు. అక్కడ సగానికి కాస్త ఎక్కువ, అంతే. గుండెల నిండా పీల్చినా అందేది సగం గాలే. లేహ్ దుకాణాల్లో చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బి వేలాడుతుంటాయి. లోపల ఉన్నది కింద నింపిన గాలి. బయట దాన్ని అదిమిపట్టే ఒత్తిడి లేదు. సర్చూలో నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు.

(మాటలో మాట. 'లా' అంటే టిబెటన్, లద్దాఖీ భాషల్లో కనుమ. 'ఖర్దుంగ్ లా పాస్' అనడం గేటు దర్వాజా అన్నట్టు ఉంటుంది.)

ఇక ఒంట్లో జరిగేది చూద్దాం. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టడం దాని పని. తగ్గిందని తెలియగానే ఊపిరి వేగం పెంచమని మెదడుకు కబురు పెడుతుంది. వేగంగా పీల్చి వదిలితే ఆక్సిజన్ కొంత ఎక్కువ అందుతుంది గానీ, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది పోతే రక్తంలో ఆమ్లత తగ్గి క్షారత పెరుగుతుంది. మన మెదడు మామూలుగా ఊపిరిని నడిపేది కార్బన్ డయాక్సైడ్‌ను చూసుకునే. అది తగ్గేసరికి 'ఇక చాలు, మెల్లగా పీల్చు' అంటుంది. ఒకరు ఎక్సలరేటర్ తిప్పుతుంటే ఇంకొకరు బ్రేకు తొక్కుతున్నట్టు. మెలకువలో ఈ తగువు మనకు అంతగా తెలియదు. నిద్రపట్టాక బ్రేకుదే పైచేయి అవుతుంది. ఊపిరి కొన్ని సెకన్లు ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ఉలిక్కిపడి మళ్లీ గబగబా మొదలవుతుంది. ఆ రాత్రి నేను వేళ్లు మడిచి లెక్కపెట్టింది దీన్నే.

తగువు తీర్చేవి మూత్రపిండాలు. రక్తంలోని బైకార్బొనేట్‌ను కొంత మూత్రంలో పంపేసి, క్షారతను సరిచేసి, మెదడు తొక్కిపట్టిన బ్రేకును వదిలిస్తాయి. అయితే ఈ పనికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. మన సెలవు చీటీలో ఎన్ని రోజులు రాసుందో వాటికి పట్టదు. కొత్త ఎర్ర రక్తకణాలు తయారవడానికి వారాలు కావాలి. పది రోజుల యాత్రికుడికి అవి అక్కరకు రావు. అందుకని పైకెళ్లాక మొదటి రోజుల్లో మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తే చిరాకుపడకండి. ఒళ్లు దారిలో పడుతోందన్నమాట. నీళ్లు మాత్రం బాగా తాగాలి. పొడిగాలిలో వేగంగా ఊపిరి తీస్తుంటే నోటి నుంచీ ముక్కు నుంచీ పోయే తేమ తక్కువేమీ కాదు.

అలవాటు పడకముందే ఎత్తులో పడుకుంటే వచ్చేదే పర్వత అస్వస్థత: తలనొప్పి, వికారం, ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం. ఇవి మామూలుగా ఎత్తుకు చేరిన కొన్ని గంటల తర్వాతగానీ మొదలుకావు, ఒక్కోసారి మర్నాటికి. కనుమ మీద అరగంట ఆగి ఫోటో దిగి దిగిపోతే ఏమీ కాకపోవచ్చు. అదే ఎత్తుకు దగ్గర్లో మంచం వేస్తే మాత్రం వసూలు చేసుకుంటుంది. జిమ్ము చేసిన కండలు ఇక్కడ పనికిరావు. మాలో వాంతులు చేసుకున్నవాడు మారథాన్లు పరిగెత్తేవాడు.

తలనొప్పిని ఓర్చుకోవచ్చు. ఓర్చుకోకూడనివి రెండున్నాయి. కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీలో గురగుర, దగ్గుతో నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడి, ఒక పాదం వేళ్ల ముందు ఇంకో పాదం మడమ ఆనించి గీత మీద నడిచినట్టు నడవలేకపోతే మెదడు వాస్తోందని అర్థం. రెంటికీ అసలు వైద్యం ఒకటే, వెంటనే కిందికి దించడం. ఆక్సిజన్ సిలిండరు, మందులు ఆ దించే లోపు ప్రాణం నిలబెట్టడానికి.

సర్చూ గుట్టు ఇక్కడే బయటపడుతుంది. కిందికి దిగుదామంటే దారి లేదు! మనాలి వైపు దిగాలంటే ముందు 4,890 మీటర్ల బారాలాచా లా ఎక్కాలి. లేహ్ వైపు పోవాలంటే 5,059 మీటర్ల లాచుంగ్ లా దాటాలి. పడుకున్న చోటు నుంచి ఎటు వెళ్లినా ముందు పైకే. పర్వతాల్లో ఇంతకంటే చెడ్డ పడక ఉండదని నా అభిప్రాయం. తెల్లవారాక మా మారథాన్ వీరుణ్ని ఒక టెంపో ట్రావెలర్‌లో ఎక్కించి, అదే బారాలాచా మీదుగా 3,080 మీటర్ల కేలాంగ్‌కు దించాం. మధ్యాహ్నానికి లేచి కూర్చుని ఆలూ పరాఠా అడిగాడు.

ఎలా పోవాలో సైన్యానికి తెలుసు

ఎత్తు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో కొంత లద్దాఖ్‌లో మన సైనికుల ఒంటి మీద నేర్చుకున్నదే. 1962 యుద్ధం సమయంలో మైదానాల నుంచి వేలమందిని విమానాల్లో, లారీల్లో హడావుడిగా పైకి తరలించారు. వాళ్లలో జబ్బుపడిన 1,925 మంది సైనికులను 11,000 నుంచి 18,000 అడుగుల ఎత్తుల్లో పరిశీలించి ఇందర్ సింగ్, ఆయన తోటి సైనిక వైద్యులు రాసిన పత్రం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పర్వత అస్వస్థత మీద ఇప్పటికీ దాన్ని తలుచుకోనివారు లేరు. మన సైన్యం పాటించే పద్ధతిలో 9,000 అడుగులు దాటగానే మొదటి మజిలీలో ఆరు రోజులు, 12,000 దాటాక నాలుగు, 15,000 దాటాక ఇంకో నాలుగు రోజులు అలవాటు పడటానికే కేటాయిస్తారు. ఇరవై రెండేళ్ల సిపాయికి ఆరు రోజులిస్తే, ఏసీ గదిలో కీబోర్డు ముందు కూర్చునే మనం విమానం దిగిన మర్నాడే ఖర్దుంగ్ లాకు బండి తీస్తాం.

మామూలు ప్రయాణికులకు వైద్యులు చెప్పే సూత్రం కొంచెం సులువు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా రాత్రికి కిందికి దిగి పడుకుంటే మంచిది.

ఈ సూత్రం చేత్తో పట్టుకుని మ్యాపు చూస్తే లద్దాఖ్ యాత్ర తలకిందులవుతుంది. మనవాళ్లలో చాలామంది మనాలి మీదుగా వెళ్లి శ్రీనగర్ మీదుగా వస్తారు. చెయ్యాల్సింది దానికి వ్యతిరేకం. శ్రీనగర్ 1,585 మీటర్లు. మొదటి రాత్రి సోనామార్గ్‌లో పడుకుంటే 2,700 పైచిలుకు. మర్నాడు 3,528 మీటర్ల జోజీ లా దాటి, ద్రాస్ మీదుగా కార్గిల్ చేరితే 2,676. అంటే కనుమ ఎక్కి మళ్లీ దిగి పడుకుంటున్నాం, సరిగ్గా సూత్రం చెప్పినట్టు. మూడో రోజు 4,108 మీటర్ల ఫోటూ లా దాటి లేహ్. కార్గిల్ నుంచి లేహ్‌కు పడక ఎత్తు 800 మీటర్లకు పైగా పెరుగుతుంది. అది కాస్త ఎక్కువే కాబట్టి లేహ్‌లో రెండు రోజులు బండి తాళం తీయకుండా ఉండాలి. బజారులో తిరగండి, నేరేడుపండు రంగు కొండల్ని చూస్తూ కూర్చోండి, చాంగ్ (అక్కడి బార్లీ బీరు) జోలికి మాత్రం పోకండి.

ఆ తర్వాత నుబ్రా లోయ. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా ఎక్కినా, రాత్రికి దిస్కిత్‌లో పడుకునేది 3,100 మీటర్ల దగ్గర, లేహ్ కంటే కిందే. పాంగాంగ్ చెరువు ఒడ్డున గుడారం వేసే సరదా ఉంటే అది చివర్లో పెట్టుకోవాలి. ఆ ఒడ్డు 4,200 మీటర్లు దాటింది. అప్పటికి పది రోజులు పైన గడిపిన ఒళ్లు తిరుగు ప్రయాణంలో సర్చూను కూడా భరిస్తుంది.

మనకు ఇంకో వెసులుబాటు ఉంది. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా మన గుమ్మాల ముందు నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారిని వదలకుండా ఉత్తరానికి పట్టుకుపోతే నేరుగా శ్రీనగర్‌లో తేలతాం. రైలు పార్సిల్లో బండి వేసుకునేవాళ్లు ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీయించాలి. 

అసిటజోలమైడ్ అనే మాత్ర గురించి అందరూ అడుగుతారు. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను తోసేసే పనిని అది త్వరపెడుతుంది, అంతే, రోగాన్ని దాచిపెట్టదు. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల తేడా ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి మీ డాక్టరును అడిగే వేసుకోవాలి. ఇక అమర్‌నాథ్ యాత్రికుల దగ్గర నేర్చి మూటగట్టుకుపోయే కర్పూరం సంగతి. అది ముక్కులో చల్లదనాన్ని కలిగిస్తుంది, గాలి ఆడినట్టు భ్రమ పుడుతుంది. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. హారతికి ఉంచుకోండి.

బండికొచ్చే దమ్ము

భాయ్ చెప్పిన రెండో సగం చూద్దాం. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి. మా పాత బుల్లెట్లకు ఈ పాళ్లు కలిపేది కార్బ్యురేటర్. అందులో ఒక సన్నని గొంతు ఉంటుంది. గాలి ఆ గొంతులోంచి వేగంగా దూసుకుపోతే అక్కడ ఒత్తిడి పడిపోయి, జెట్ అనే సూదిబెజ్జం గుండా పెట్రోలు పైకి చిమ్ముతుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు గాలి సాంద్రతను బట్టి నేరుగా తగ్గుతుంది. చిమ్మే పెట్రోలు మాత్రం సాంద్రత వర్గమూలాన్ని బట్టే తగ్గుతుంది. ఎత్తుకెళ్లేకొద్దీ గాలి గబగబా తగ్గుతుంటే పెట్రోలు మెల్లగా తగ్గుతుందన్నమాట. లెక్క కడితే, హైదరాబాద్‌లో 14.7కు సరిచేసిన కార్బ్యురేటర్ తంగ్‌లాంగ్ లా మీద పదకొండున్నర దగ్గరికి దిగజారుతుంది. పులుసులో నీళ్లు సగానికి తగ్గించి చింతపండు మాత్రం ముప్పాతిక వేసినట్టు. మండని పెట్రోలు నల్లపొగై సైలెన్సర్‌లోంచి వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, బండి కొట్టుకుని ఆగిపోతుంది. మా ప్రయాణంలో సర్చూ తర్వాతొచ్చే పాంగ్ దాటాక ఒక బండి ప్లగ్గు విప్పితే పొయ్యిలోంచి తీసిన బొగ్గుముక్కలా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి, ఇరవై కిలోమీటర్లకొకసారి అదే పూజ.

దీనికి మందు చిన్న జెట్ వేయడం, లేదా గాలి స్క్రూ సవరించడం. దారిలో కొందరు ఎయిర్ ఫిల్టర్ పీకేస్తే గాలి ఎక్కువ అందుతుందని సలహా ఇస్తారు. వినకండి. లద్దాఖ్ ధూళి పిండిలా మెత్తగా ఉంటుంది. అది సిలిండర్‌లోకి పోతే పిస్టన్ రింగుల్ని సానబడుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నిటికీ ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చేసింది. లోపలికొచ్చే గాలి ఒత్తిడిని సెన్సరు కొలుస్తుంది, చిన్న కంప్యూటరు దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుంది. ప్లగ్గు మసి గోల పోయింది. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు పడతారు. ఇంజెక్షన్ ఉంటే ఎత్తులో కూడా బండి లాగుడు తగ్గదనుకుంటారు. కంప్యూటరు పాళ్లు సరిచేస్తుంది గానీ లేని గాలిని తేలేదు. తంగ్‌లాంగ్ లా మీద గాలి సాంద్రత మన ఊళ్లో ఉన్నదానికి ఆరు పదో వంతులే. కాబట్టి 20 హార్స్‌పవర్ బండి అక్కడ 12 హార్స్‌పవర్ బండి. వెనక మనిషి, రెండు సంచులు, అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా వేసుకుని ఆ 12తో ఎక్కాలి. సామాను సర్దుతున్నప్పుడు ఈ అంకె గుర్తు చేసుకుంటే మూడో జీన్స్ ప్యాంటు దానంతటదే సంచిలోంచి బయటికొస్తుంది.

దిగడంలోనూ చాలామంది దెబ్బతింటారు. బండి, మనిషి, సామాను కలిపి 300 కిలోలనుకోండి. తంగ్‌లాంగ్ లా నుంచి సింధు ఒడ్డున ఉప్షీ దాకా దిగితే దాదాపు 1,900 మీటర్ల పల్లం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి 56 లక్షల జౌళ్లు. ఒక బిందెడు నీళ్లను, అంటే పదహారు పదిహేడు లీటర్లను, చన్నీళ్ల నుంచి మరిగే దాకా కాచేంత వేడి. అందులో కొంత ఎదురుగాలి తీసుకుంటుంది, అయితే పలచటి గాలి కాబట్టి అదీ తక్కువే. మిగతాది ఎక్కడికి పోవాలో మీ చేతిలో ఉంది. న్యూట్రల్‌లో జార్చుకుంటూ బ్రేకు పట్టుకుంటే ఆ బిందె పొయ్యి మొత్తం బ్రేకు ప్యాడ్ల మీద పెట్టినట్టే. ప్యాడ్లు కాలి పట్టు తప్పుతాయి, బ్రేకు నూనె మరిగి బుడగలు కడుతుంది, లివర్ నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. తిరుమల దిగువ ఘాట్ రోడ్డు మీద ముందు వెళ్లే బండి నుంచి వచ్చే మాడు వాసన ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, కాకపోతే అక్కడి దిగుడుకు ఇది రెండింతల పైమాట. గేరులో దించాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత సూత్రం మంచిదే గానీ, ఎత్తులో ఇంజిన్ పట్టు కూడా కాస్త బలహీనపడుతుంది కాబట్టి అవసరమైతే ఒక గేరు ఇంకా తగ్గించండి. ఎదురుగా ఎక్కే బండి వస్తుంటే దిగేవాళ్లే ఆగి దారివ్వాలి. అది మర్యాదే కాదు, చట్టం కూడా.

వాగు గడియారం

లద్దాఖ్ దారుల్లో వంతెన లేని వాగులు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి. నాలా అంటారు. ఇవి వాన వాగులు కావు, పైన కరిగే మంచు నీళ్లు. రాత్రి మంచు గడ్డకట్టుకుపోతుంది, కరగడం ఆగుతుంది. పొద్దున్నే చూస్తే చీలమండ తడిసేంత నీళ్లు. ఎండెక్కాక కరగడం మొదలై, ఆ నీరు లోయంతా దిగి రోడ్డు దాకా రావడానికి ఇంకొన్ని గంటలు పట్టి, మధ్యాహ్నం మూడు నాలుగుకల్లా అదే వాగు మోకాళ్ల దాకా గుండ్రాళ్లను దొర్లించుకుంటూ వస్తుంది. నీటి వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి ఆ రోజు ప్రయాణంలో వాగులెన్నున్నాయో ముందు రాత్రి ధాబాలో లారీ డ్రైవర్లను అడిగి తెలుసుకుని, వాటిని పొద్దున పదికల్లా దాటేలా బయల్దేరాలి. మరీ నాలుగింటికే లేచి పరిగెత్తినా చిక్కే. పగలు మంచుగోడల నుంచి రోడ్డు మీదికి కారిన నీళ్లు రాత్రికి పారదర్శకమైన మంచుపొరగా మారతాయి. తారు రంగులో కలిసిపోయి కనపడదు. సూర్యుడు తగిలేదాకా అది గాజు నేలే. ఆరు నుంచి పది దాకా ఉన్న ఆ నాలుగు గంటలే మేలైన వేళ.

వాగులో దిగేముందు బూట్లతోనే ఒకసారి నడిచి చూడండి. తర్వాత మొదటి గేరు, ఒకే తీరున ఎక్సలరేటర్, మధ్యలో ఆగడం లేదు.

చలి గురించి ఎక్కువ చెప్పను. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే మనాలిలో 20 డిగ్రీలున్న రోజు తంగ్‌లాంగ్ లా మీద సున్నా దగ్గర. అయిదు డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే చర్మానికి తగిలేది మైనస్ రెండు. చేతి తొడుగుల మీద మాత్రం పిసినారితనం చూపకండి; బ్రేకు నొక్కేది ఆ వేళ్లే.

టైర్ల సంగతి సరదాగా ఉంటుంది. కింద 30 పాయింట్లు కొట్టించిన టైరు తంగ్‌లాంగ్ లా మీద 33 చూపిస్తుంది. బయటి ఒత్తిడి పడిపోవడం వల్ల దాదాపు ఏడు పాయింట్లు పెరగాలి, చలికి లోపలి గాలి ముడుచుకుని అందులో సగానికి పైగా తగ్గిపోతుంది. పనిగట్టుకుని గాలి తీయక్కర్లేదు. పెట్రోలు డబ్బా మూత మాత్రం ఎత్తులో మెల్లగా తిప్పండి, లోపల ఆవిరి ఉబ్బి ఉంటుంది. మనాలి దారిలో తాండి పంపు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని చెప్పే బోర్డు ముందు ఫోటో దిగని రైడరు ఉండడు. ఫోటోతో పాటు ట్యాంకు అంచుదాకా నింపి, అయిదు లీటర్ల డబ్బా కట్టుకోండి. ఎక్కువసేపు తక్కువ గేర్లలో ఎక్కే దారిలో ఇంటి దగ్గర వచ్చే మైలేజీ రాదు. మన ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు; గుంపులో కనీసం ఒకరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

2020 అక్టోబర్ 3న రోహ్‌తంగ్ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరుచుకున్నాక మనాలి నుంచి లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గి 427 అయింది. 3,978 మీటర్ల రోహ్‌తంగ్ ఎక్కే బాధ తప్పింది, నాలుగైదు గంటలు మిగిలాయి. దాంతో మనాలి నుంచి ఒక్క రోజులో సర్చూ చేరడం ఇప్పుడు ఇంకా తేలికైపోయింది. దూరమే తగ్గింది. సర్చూ ఎత్తు 4,290 మీటర్లే.

మీరు ప్లాను రాసుకునేటప్పుడు తేదీ, ఊరు, కిలోమీటర్లు అని మూడు గళ్లు గీస్తారు. నాలుగో గడి ఒకటి గీయండి, ఆ రాత్రి పడుకునే చోటు ఎత్తు. 3,000 దాటాక కింద గడికీ పైగడికీ తేడా 500 మించిన చోటల్లా ఒక రాత్రి చేర్చుకుంటూ రండి. శ్రీనగర్‌లో మొదలై మనాలిలో దిగేదాకా నాకు పన్నెండు రోజులు తేలింది, ఇంటి నుంచి రాకపోకలు కాక. మీ సెలవు తొమ్మిది రోజులే అయితే ఈ ఏడు లద్దాఖ్ పేరెత్తకుండా మనాలి, జిస్పా చూసి వచ్చేయండి. జిస్పా 3,200 మీటర్లు, భాగా నది ఒడ్డున ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది.